గొంతు ముందు, బొమ్మ తరువాత: కృష్ణానగర్‌లో ఒక చిన్న డబ్బింగ్ థియేటరు

యూసుఫ్‌గూడలోని రెండు గదుల ఇంట్లో ముగ్గురం కలిసి తీస్తున్న ఆరు నిమిషాల యానిమేషన్ లఘుచిత్రానికి మాటలు రికార్డు చేయించుకోవడానికి కృష్ణానగర్‌లోని ఒక చిన్న డబ్బింగ్ థియేటరుకు వెళ్లాము. మామూలు సినిమాకు డబ్బింగ్ చిత్రీకరణ అయ్యాక జరుగుతుంది. మాకు మాత్రం గొంతు ముందు, బొమ్మ తరువాత. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఆరు నిమిషాలకు 8,640 ఫ్రేములు అవుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 4,320 బొమ్మలు గీయాలి కనుక, ఏ అక్షరం ఏ ఫ్రేములో పడుతుందో ముందుగా తేలకపోతే పెదవుల కదలికలన్నీ మళ్లీ గీసుకోవలసి వస్తుంది.

ఈ సంగతి అక్కడి ఇంజనీరుకు విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. ‘అమ్మమ్మా’ అన్న పిలుపులో పెదవులు రెండుసార్లు మూసుకోవడం చెవికి విడివిడిగా తెలిసేదాకా నాలుగుసార్లు పలికించి, ఒక్కో సంభాషణను విడి ఫైలుగా, సన్నివేశం సంఖ్యతో సహా అందించారు. గోలీసోడా కొట్టిన చప్పుడు కావాలంటే తానే కిందికి వెళ్లి సీసాలు తెచ్చారు (వాటిని మేమే తాగేశాము).

గోడ అవతల లిఫ్టు ఉండడం పెద్ద లోపం. తొలిరోజు రికార్డింగులో సన్నని మోత చేరింది. అదనపు సొమ్ము అడగకుండా మళ్లీ చేశారు గాని, మాకు ఒక పూట పోయింది. రికార్డింగు సాగుతున్నంతసేపూ ఏసీ ఆపేస్తారు కనుక వేసవిలో ఉదయపు వేళనే తీసుకోవడం మేలు. మాటలనూ చప్పుళ్లనూ సరిపాళ్లలో కలిపే మిక్సింగ్‌కు ఆ గది చాలదు. దానిని వేరేచోట చేయించుకుంటున్నాము.