కాలేయ క్యాన్సర్‌కు అవయవ మార్పిడి: పురుషులు, స్త్రీలు

కాలేయ క్యాన్సర్ పురుషుల్లో స్త్రీల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి మార్పిడి జాబితాలోనూ వారే అధికం. కణితి ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు, మూడింటి వరకు ఉంటే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు మించరాదన్న 1996 నాటి మిలాన్ ప్రమాణాలు (మార్పిడికి అర్హత నియమాలు) ఇద్దరికీ ఒకటే.

అసలు తేడా నిరీక్షణలో ఉంది. కండరాల నుంచి వచ్చే వ్యర్థమైన క్రియాటినిన్ మూత్రపిండాల పనితీరుకు సూచిక; కండరాలు తక్కువైన స్త్రీ రక్తంలో అది 1.3 అని తేలితే, అదే అంకె వచ్చిన దృఢకాయుడి కంటే ఆమె మూత్రపిండాలు ఎక్కువ దెబ్బతిని ఉండవచ్చు; అయినా కాలేయ వ్యాధి తీవ్రతను బట్టి జాబితాలో ప్రాధాన్యం నిర్ణయించే పాత మెల్డ్ స్కోరు ఇద్దరినీ ఒకే గాటన కట్టేది. అమెరికాలో 2023లో అమలైన మెల్డ్ 3.0 స్త్రీలకు 1.33 పాయింట్లు కలిపి ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. అయితే క్యాన్సర్ రోగులకు అక్కడ తరచూ మెల్డ్ లెక్కకు బదులు ప్రత్యేక పాయింట్లే వర్తిస్తాయి గనుక, వారిలో స్త్రీలకు శరీర పరిమాణమే పెద్ద అడ్డంకి: పెద్ద దాత కాలేయం చిన్న ఉదరంలో ఇమడదు.

శస్త్రచికిత్స తర్వాత చిత్రం కొంత తిరగబడుతుంది. రక్తనాళాల్లోకి కణితి చొరబడటం, క్యాన్సర్ తిరగబెట్టడం పురుషుల్లో ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి. మొత్తం ఆయుర్దాయంలో మాత్రం అంతరం స్వల్పమే. ఆపరేషన్ నాటి నుంచి మొదలయ్యే లెక్కల్లో, అవయవం అందకముందే జాబితా నుంచి జారిపోయినవారు కనిపించరు. నా దృష్టిలో స్త్రీలకు జరిగే నష్టం మరుగున పడేది అక్కడే.