బీపీ తగ్గాలంటే ఏది మేలు: యోగానా, నడకా, గోడకుర్చీనా?

బీపీ ఉందని తేలగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ డాక్టర్లైపోతారు. ఒకరు యోగా మొదలుపెట్టమంటారు, ఇంకొకరు రోజూ అరగంట నడవమంటారు. ఈ మధ్య గోడకుర్చీ వెయ్యమనేవాళ్ళు కూడా తయారయ్యారు. మూడూ పనిచేసేవే. ఎంత పనిచేస్తాయి, ఎవరికి నప్పుతాయి అన్నదగ్గరే తేడా వస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒక్కటే ఎంచుకోవాలంటే నడక. యోగాది రెండో స్థానం, అది కూడా మనం ఫొటోల్లో చూసే యోగాకు కాదు.

మాత్రలను ఈ పోటీలోకి లాగకూడదు. ఒక బీపీ మందు మామూలు మోతాదులో పై సంఖ్యను (160/100 అంటే అందులో 160ని) సగటున 9 పాయింట్లు తగ్గిస్తుంది. వ్యాయామాలతో వచ్చేది ఎక్కువగా 4 నుంచి 8. 160/100 ఉన్న మనిషి మందు పక్కన పెట్టి "మూడు నెలలు యోగా చేసి చూస్తా" అంటే లెక్క కుదరదు. 135/85 దగ్గర ఉండి, షుగరు, గుండెజబ్బు, కిడ్నీ సమస్య లేనివాళ్ళకైతే కొన్నాళ్ళు అలవాట్లు మార్చి చూడమని డాక్టరే చెప్పవచ్చు. కాబట్టి ఇక్కడ పోలుస్తున్నది మందుతోపాటో, మందు ఇంకా అవసరం లేనప్పుడో చేసే పనులనే.

నడక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వేగంగా నడిచినప్పుడు కండరాలకు రక్తం ఎక్కువ కావాలి, రక్తనాళాలు వెడల్పవుతాయి. నడక ఆపాక కూడా కొన్ని గంటలపాటు బీపీ కాస్త తక్కువగానే ఉంటుంది. రోజూ చేస్తే ఆ ఫలితం నిలబడుతుంది. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత వేగంతో నడిస్తే చాలు. బీపీ ఉన్నవాళ్ళలో పై సంఖ్య 5 నుంచి 8 పాయింట్లు తగ్గవచ్చు. బరువు తగ్గితే అది అదనం, కిలోకు సుమారు ఒక పాయింటు. మూడింటిలోనూ ఎక్కువ మంది మీద, ఎక్కువ ఏళ్ళుగా పరీక్షించి చూసింది కూడా ఇలాంటి నడక, పరుగు, సైకిలు వ్యాయామాలనే. ఫోన్ చూసుకుంటూ నింపాదిగా తిరిగితే మాత్రం అది షికారు అవుతుంది, వ్యాయామం కాదు.

యోగా దగ్గరకు వస్తే అసలు చిక్కు ఉంది. యోగా అంటే ఒకటి కాదు. చెమటలు పట్టించే సూర్యనమస్కారాలూ యోగానే, కళ్ళు మూసుకుని శ్వాస గమనించడమూ యోగానే, శీర్షాసనమూ యోగానే. బీపీ విషయంలో ఇవి ఒకలా పనిచేయవు. 2019లో 49 పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో యోగా వల్ల పై సంఖ్య సగటున 5 పాయింట్లు తగ్గింది. బీపీ ఉన్నవాళ్ళు ఆసనాలకు ప్రాణాయామం, ధ్యానం కూడా కలిపి వారానికి మూడుసార్లు చేసినప్పుడు తగ్గుదల 11 దాకా వెళ్ళింది. జర్మనీలో బీపీ మందులు వాడుతున్న 75 మందితో చేసిన ఒక పరిశీలనలోనైతే, 12 వారాల తర్వాత ఆసనాలు చేసినవాళ్ళ కంటే ఆసనాలు లేకుండా శ్వాస, ధ్యానం మాత్రమే చేసినవాళ్ళ బీపీ ఎక్కువ తగ్గింది. అది చిన్న పరిశీలన, దాన్నిబట్టి తీర్పు చెప్పలేం. కానీ దారి ఎటుందో తెలుస్తోంది.

కారణం కూడా అర్థమయ్యేదే. మెడలోని పెద్ద ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే ప్రధాన ధమనిలో రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలు ఉంటాయి. ఒత్తిడి పెరిగితే అవి మెదడుకు కబురు పంపి గుండె వేగాన్ని తగ్గిస్తాయి, నాళాలను వదులు చేస్తాయి. నిమిషానికి ఆరుసార్లు మాత్రమే శ్వాస తీసుకుంటే ఈ ఏర్పాటు మరింత చురుగ్గా స్పందిస్తుందని చాలాసార్లు కొలిచి చూశారు. నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదిలే శ్వాసకు ఉన్న విలువ అదే. టెన్షన్ వల్ల నిద్రపట్టనివాళ్ళకు, మోకాళ్ళ నొప్పితో నడవలేనివాళ్ళకు ఇది నడక కంటే ముందు వరసలో ఉంటుంది.

ఇందులోనే దూరం పెట్టాల్సినవీ ఉన్నాయి. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలు, ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి బీపీ అదుపులో లేనివాళ్ళకు పనికిరావు. నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళకు తలకిందుల ఆసనాలు కంట్లో ఒత్తిడిని కూడా పెంచుతాయి. క్లాసులో చేరేముందు బీపీ సంగతి గురువుకు చెప్పకుండా వెనక వరసలో నిలబడి అందరితోపాటు చేసేసేవాళ్ళను చూస్తే భయమేస్తుంది.

ఇక గోడకుర్చీ. బడిలో శిక్షగా వేయించేదే. 2023లో రకరకాల వ్యాయామాల మీద, బీపీ లేనివాళ్ళతో కూడా చేసిన 270 పరిశోధనలను కలిపి లెక్కగడితే, ఇలా కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే వ్యాయామాలు పై సంఖ్యను సగటున 8 పాయింట్లు తగ్గించాయి. అదే లెక్కలో నడక, పరుగు లాంటివి నాలుగున్నర దగ్గర ఆగాయి. రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి, వారానికి మూడు రోజులు. వినడానికి ఎంత సులువుగా ఉందో! రెండో నిమిషంలో తొడలు ఏం చెబుతాయో వేసినవాళ్ళకే తెలుసు. ఆ బిగింపులో ఉన్నంతసేపు బీపీ బాగా పైకి పోతుంది, ఊపిరి బిగబడితే ఇంకా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. పైగా ఆ 270లో ఇలాంటి బిగింపు వ్యాయామాల మీద చేసినవి తక్కువ, చాలావరకు కొద్ది వారాలవి. అంకె పెద్దదని దీన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టలేకపోవడానికి కారణం అదే. టైము తక్కువ ఉన్నవాళ్ళు నడకకు తోడుగా చేసుకోవచ్చు.

మీ ఒంటికి ఏది పనిచేస్తోందో తేల్చుకోవాలంటే ఇంట్లో కొలుచుకోవాలి. శవాసనం నుంచి లేచిన వెంటనే చూస్తే అంకె అందంగానే ఉంటుంది, గోడకుర్చీ మధ్యలో చూస్తే గుండె గుభేలుమంటుంది. రెండూ లెక్కలోకి రావు. వ్యాయామంతో సంబంధం లేని వేళ, రోజూ ఒకే సమయానికి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు చూసి రాసుకోండి. ఆరేడు వారాల తర్వాత ఆ కాగితం డాక్టరుకు చూపించండి. అంకెలు బాగా తగ్గి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే మాత్రం అన్ని వారాలు ఆగొద్దు. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. ఆ మార్పు డాక్టరే చెయ్యాలి.