మేస్త్రీతో దశలవారీ ఒప్పంద పత్రం: అయిదేళ్ల వాడకం తర్వాత

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు సొంతిల్లు కట్టించుకునేవాళ్లకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) అక్కరకు రాదు. 2016 నాటి ఆ చట్టం అమ్మకానికి కట్టే ప్రాజెక్టులది. అందులోనూ స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రిజిస్ట్రేషను అక్కర్లేదు. మన స్థలంలో మనకే కట్టే మేస్త్రీకి స్టాంపు పేపరు మీది ఒప్పందమే పగ్గం.

మొదట రాసిన పత్రంలో పెద్ద తప్పు శ్లాబు డబ్బు దగ్గరే. "పోసిన రోజు 30 శాతం" అని రాస్తే మర్నాటి నుంచి నీళ్లు పెట్టే దిక్కుండదు. ఇప్పుడు ఇనుము కట్టింది చూసుకున్నాక 15, సెంట్రింగు విప్పాక 15. పీపీసీ (బూడిద వంటివి కలిపిన) సిమెంటైతే శ్లాబు మీద మడులు కట్టి కనీసం 10 రోజులు నీళ్లు నిలపాలి. ఓపీసీ (ఏమీ కలపని మామూలు) సిమెంటైతే శ్లాబు కింది సపోర్టులు, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల వరకు 7 రోజులు, ఆపైన 14 రోజులు. ఆరు మీటర్ల లోపు బీముకు 14 రోజులు. పీపీసీ అయితే ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలి. ఇవన్నీ అంకెల్లోనే రాయాలి. "నాణ్యంగా కట్టాలి" అన్న వాక్యం ఏ తగువులోనూ నిలబడదు.

ఇనుము చూసే రోజు తొందరపడకూడదు. ఇనుముకూ అచ్చుకూ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకులు పిల్లరుకు 40, శ్లాబుకు 20 మిల్లీమీటర్లు. బదులుగా కంకర ముక్క పెడితే కాంక్రీటు పోసేటప్పుడు జారిపోతుంది, ఇనుము అడుగుకు దిగుతుంది, కొన్ని వానాకాలాలకు తుప్పు ఉబ్బి పెచ్చులూడతాయి. పిల్లరు రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంగాలి; 90 దగ్గర వదిలేస్తే పైపొర రాలగానే విచ్చుకుంటాయి. ఎం20 రకం కాంక్రీటుకు సిమెంటు బస్తాకు నీళ్లు, ఇసుకలో తడితో కలిపి, 30 లీటర్లు దాటకూడదు. జారుగా ఉండాలని ఇంకో బకెట్టు పోశారంటే బలం అక్కడే పోయింది. వైబ్రేటరు అద్దె ఎవరిదో ముందే రాయండి, లేకపోతే ఆ రోజు అది రాదు.

లోపాలూ ఉన్నాయి. సరుకు మనం కొనిచ్చి పని మాత్రమే మేస్త్రీ చేసే కూలీ కాంట్రాక్టులో పగులొస్తే "సిమెంటు మీదే కదా" అంటారు. అందుకే బస్తా మీది వారం, సంవత్సరం ఫోటో తీసుకుని, మూడు నెలలు దాటిన సరుకు వెనక్కి పంపాలి. డ్రాయింగే తప్పయితే పత్రం కాపాడలేదు, అది స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాల్సిన పని.

అన్నిటికన్నా పనికొచ్చింది మేస్త్రీకి ఇవ్వాల్సిన డబ్బులో ఒక వానాకాలం గడిచేదాకా ఆపే 5 శాతం. పిట్టగోడ మొదట్లో, బాత్రూము పైపుల చుట్టూ చెమ్మ అప్పుడే బయటపడుతుంది.

మేస్త్రీ సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లావాడైనా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు రెండేళ్లు కాబట్టి పగులు కనబడ్డ రోజే తేదీతో ఫోటో తీసిపెట్టాలి. పత్రం ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి రాయించి రెండింటి మీదా సంతకాలు తీసుకోండి. చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టించారన్న మాట అప్పుడు రాదు.