ఇంటి కాన్పుల శిక్షణ: ఒక ఏఎన్ఎం రివ్యూ

మా సబ్‌సెంటర్ పరిధిలోని గూడేల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఇంటి కాన్పుల మీద శిక్షణ పెట్టారు. పాడేరు వైపు ఏజెన్సీలో పనిచేసే ఏఎన్ఎంగా నేను మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ చిన్న లోటు కాదు, అది చివర్లో చెప్తాను.

"ఆసుపత్రి కాన్పులు చేయించాల్సింది పోయి ఇంటి కాన్పులు నేర్పడమేంటి?" అని చాలామంది నన్నడిగారు. నెలలు నిండే ముందే గర్భిణుల వసతి గృహానికి రమ్మనే మేం చెప్తాం. వస్తున్నారు కూడా. కానీ వానాకాలంలో గెడ్డ (కొండవాగు) పొంగితే డోలీ కూడా దాటదు, నొప్పులు మాత్రం ఆగవు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండేది అత్తగారు, మంత్రసాని, మొగుడు. అందుకే ఆశా కార్యకర్తలతో పాటు వాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టడం నాకు బాగా నచ్చింది.

అందరి కళ్ళూ కాన్పు నేర్పే బొమ్మ మీదే. మామానాటలీ అని, నార్వేలోని లార్డాల్ అనే సంస్థ వాళ్ళు తయారుచేసింది. ట్రైనర్ దాన్ని పొట్టకి కట్టుకుని చాప మీద కూర్చుని నొప్పులు పడుతుంది. లోపలుండే బిడ్డ బొమ్మలో నీళ్ళు నింపుతారు కాబట్టి చేతిలోకి తీసుకుంటే నిజం బిడ్డ బరువే ఉంటుంది. మాయ పడ్డాక ఎర్రనీళ్ళు కారడం మొదలవుతుంది. పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడేదాకా రుద్దితేనే ట్రైనర్ ఆ ధార ఆపుతుంది. "ఇన్నేళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను, నాకు నేర్పుతారా" అని దూరంగా కూర్చున్న మంత్రసాని అవ్వ, ఆ ధార చూసి తనే లేచొచ్చి చెయ్యి వేసింది. ఎంత గట్టిగా రుద్దాలో ఆ చేతులకే ముందు తెలిసింది.

అంతకన్నా బాగా పనిచేసింది మాత్రం పాత చీర. అర లీటరు ఎర్రనీళ్ళు కొలిచి దాని మీద పోశారు. కాన్పయ్యాక ఇంతకి మించి పోతే ప్రమాదమే అన్నారు. "చెడు నెత్తురు పోతే మంచిదే" అనుకునే మా ఆడవాళ్ళు ఆ చీర చూసి మాట్లాడలేదు. ఎక్కువగా నెత్తురు పోతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. మా గూడేల నుంచి రోడ్డు దాకా రావడానికే ఆ టైమ్ పడుతుంది. కాబట్టి కడుపు రుద్దడం, బిడ్డని రొమ్ముకి పట్టించడం, తల్లి చేత మూత్రం పోయించడం, మోసేవాళ్ళని లేపడం, అన్నీ ఒకేసారి జరగాలి. ఆ పనులు ఒక్కొక్కరికీ పంచి పదేపదే చేయించారు.

కాన్పయ్యాక నెత్తురు ఎక్కువగా పోకుండా ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్రల గురించి కూడా జాగ్రత్తగా చెప్పారు. బిడ్డ పుట్టాక, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకున్నాకే 200 మైక్రోగ్రాములవి మూడు. బిడ్డ పుట్టకముందు మింగితే గర్భసంచి చిట్లిపోవచ్చు, అది మూడుసార్లు చెప్పించారు. కర్ణాటకలో బెళగావి దగ్గర నాలాంటి ఏఎన్ఎంలే ఈ మాత్రలు ఇచ్చిన పరిశోధన ఒకటుంది, 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్రలు మింగిన వాళ్ళలో 12 శాతం మందికి నెత్తురు ఎక్కువగా పోతే, అసలు మాత్రలు మింగిన వాళ్ళలో 6.4 శాతం మందికే అలా అయింది. మా గెడ్డల అవతల ఈ మూడు మాత్రలకి ఎంత విలువుందో నాకు తెలుసు.

బిడ్డ సంగతి కొంచెం తొందరగా ముగించారు. వెంటనే ఒళ్ళు తుడవడం, ఏడవకపోతే వీపు రుద్దడం, తల్లి గుండెల మీద వెచ్చగా పడుకోబెట్టడం, తలకిందులుగా పట్టుకుని కొట్టకపోవడం, కొత్త బ్లేడు, బొడ్డుకి బూడిదా పసుపూ ఏదీ రాయకపోవడం. వీపు రుద్దినా బిడ్డకి ఊపిరి అందకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగ్, మాస్క్‌తో గాలి ఇవ్వాలి. అది నేనూ మా పక్క సబ్‌సెంటర్ ఏఎన్ఎం సాధన చేశాం. మాస్క్ ముఖానికి సరిగ్గా ఆనకపోతే బొమ్మ ఛాతీ లేవదు, అది నాకు నచ్చింది.

మగవాళ్ళతో చేయించిన పని ఇంకా గొప్పది. డోలీ ఎవరెవరు మోస్తారు, ఏ గట్టు మీద నిలబడితే 108కి ఫోన్ కలుస్తుంది, అర్ధరాత్రి డబ్బులు ఎవరి దగ్గర ఉంటాయి, అన్నీ అక్కడే పేర్లతో సహా తేల్చుకున్నారు. బొమ్మల కార్డులు కాబట్టి చదువు రానివాళ్ళకీ ఇబ్బంది లేకపోయింది.

ఇక ఆ తగ్గించిన ఒక్కటి. శిక్షణ అయిపోగానే బొమ్మని పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడొస్తారంటే జవాబు లేదు. టాంజానియాలో హేడమ్ అనే ఆసుపత్రి ఉంది. బిడ్డకి ఊపిరి పోసే శిక్షణ అక్కడ మొదట ఒక్కరోజే ఇచ్చారు. బొమ్మ మీద బాగానే చేశారు గానీ, నిజం కాన్పుల్లో మార్పు రాలేదు. తర్వాత బొమ్మని పనిచేసే చోటే పెట్టి, తరచూ కొద్ది నిమిషాలు సాధన చేయించాక పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే బిడ్డల సంఖ్య తగ్గింది. 2015లోనే ఈ సంగతి అచ్చయింది. శిక్షణ పెట్టే సంస్థలకి ఇది తెలియక కాదు, బడ్జెట్‌లో రాసుకోక.

మీ మండలంలో ఎవరైనా ఇలాంటి శిక్షణ పెడతామని వస్తే తప్పకుండా పెట్టించుకోండి. ఒప్పుకునే ముందు మాత్రం మూడు విషయాలు అడగండి: బొమ్మ సబ్‌సెంటర్‌లో ఉంచుతారా, మాత్రలు పీహెచ్‌సీ నుంచి ఆశాల చేతికి అందేలా డాక్టరుగారితో మాట్లాడతారా, జూన్‌లో గెడ్డలు పొంగకముందే మళ్ళీ వస్తారా.