ములుకులు పైకి పెట్టే అమ్ములపొది: నాలుగేళ్ల వాడకం తర్వాత

క్యాలెండర్లలో రాముడి వీపున ఉండే అమ్ములపొదిని చూసి పెరిగినవాణ్ణి. బుడాపెస్ట్‌లో విలువిద్య నేర్చుకోవడం మొదలెట్టినప్పుడు నేను కొన్నదీ వీపు పొదే. వంగితే బాణాలు జారి పడేవి, పరిగెత్తితే గలగలా మోత. రెండు నెలలకే విసుగొచ్చి ఆవార్ల తరహా మూత పొది ఒకటి చేయించుకున్నాను.

ఆవార్లు 568 ప్రాంతంలో ఈ హంగరీ మైదానాల్లో దిగిన గుర్రపు విలుకాళ్లు. వాళ్ల సమాధుల్లో చెక్కా బెరడూ చివికిపోగా ఇనుప ములుకులు, పొదికి బిగించిన చెక్కడపు ఎముక పలకలు దొరికాయి. నాది ఆ పద్ధతిలో చేసిన నకలు: బర్చ్ బెరడు (మన భూర్జం ఆ జాతి చెట్టే), అడుగున చెక్క, పైన మూత. మూతి దగ్గర సన్నం, కిందికి వచ్చేకొద్దీ వెడల్పు. బాణాలు ఈకలు కిందికి, ములుకులు పైకి ఉండేలా పెట్టాలి. మొదట్లో తలకిందుల వ్యవహారమేంటని నవ్వుకున్నాను. వాడాక తెలిసింది, చోటు కావలసింది ఈకలకే. జోరువానలో తిరిగినా అవి తడవలేదు, నలగలేదు. ఏ ములికి కావాలో చూసి మరీ తీసుకోవచ్చు. రెండు పట్టీలతో కుడి తుంటిన ఏటవాలుగా వేలాడదీస్తే నడకలో తొడకు కొట్టుకోదు.

ఇబ్బందులు లేకపోలేదు. తీసిన బాణాన్ని చేతిలోనే తిప్పి నారికి తగిలించడం అలవాటవడానికి ఆర్నెల్లు పట్టింది. ఆవార్ల మూడంచుల ములుకులు సరదాకి పెట్టి వేళ్లు కోసుకున్నాను, ఇప్పుడన్నీ మొండివే. ఒక వేసవంతా మూత తీయకుండా వదిలేస్తే పురుగు ఈకల్ని తినేసింది. రెండో చలికాలంలో కుట్టు దగ్గర బెరడు పగిలింది, హీటర్ పక్కన పెట్టిన తప్పు నాదే.

ఎన్ని పడతాయంటారా? 600 ప్రాంతపు బైజాంటియన్ (తూర్పు రోమన్) సైనిక గ్రంథం స్ట్రాటెజికాన్ రౌతుకు 30, 40 బాణాలు పట్టే మూత పొది ఉండాలంటుంది. నా దాంట్లో 20 దాటితే ఈకలు నలుగుతున్నాయి, నావి కాస్త ఎత్తు ఈకలు మరి. 9వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ శాసనం సైనికుడికి విల్లు, రెండు నారులు, 12 బాణాలు ఉండాలంది. నా తిరుగుడుకి ఆ లెక్క సరిపోతుంది. అక్షయ తూణీరం అమ్మేవాళ్లు మాత్రం ఇంకా తగల్లేదు.

ఒకేచోట నిలబడి గురి చూసేవాళ్లకి ఇది దండగ. అడవిలో నడుస్తూనో గుర్రం మీదో వేసేవాళ్లు తీసుకోవచ్చు. నేను రెండోది చేయించుకుంటున్నాను, అడుగు రెండు వేళ్లు ఎక్కువ వెడల్పు పెట్టమని చెప్పి.