బ్యాంకు కొలువు, సగం ఐరన్‌మ్యాన్, మధ్యలో ఒక ఇండోర్ ట్రైనర్: మూడో ఏట రాస్తున్న సమీక్ష

శ్రీకాకుళం లాంటి ఊళ్ళో ఉద్యోగం చేసుకునేవాడు, ఉన్న చోటనే సైకిల్ తొక్కే యంత్రానికి 60 వేల దాకా పెట్టాలా? కొన్నప్పుడు మా మావయ్య ఒక్క మాటే అన్నారు: "ఎల్లే సైకిల్ని ఆపీసి తొక్కడానికి అరవై వేలేటి బాబూ?" అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. పెట్టొచ్చు అంటాను. కానీ అమ్మేవాళ్ళు చెప్పే కారణం ఒకటి, నాకు పనికొచ్చిన కారణం మరొకటి.

ముందు వస్తువు సంగతి. ఇది డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్. సైకిల్ వెనక చక్రం తీసేసి, ఛెయిన్‌ని నేరుగా ట్రైనర్‌కున్న కాసెట్ (పళ్ళచక్రాల గుత్తి) మీద ఎక్కిస్తాం. లోపల ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, దాన్ని ఆపడానికి విద్యుదయస్కాంతం ఉంటాయి. ఫోన్‌లో 150 వాట్లని పెడితే మెల్లగా తొక్కినా, జోరుగా తొక్కినా అది 150 వాట్ల పనే చేయిస్తుంది. తప్పించుకునే దారి లేదు. కాళ్ళు బరువెక్కి వేగం తగ్గితే పెడల్ ఇంకా గట్టిపడుతుంది. మొదటి వారాల్లో ఆ క్షణం వస్తే తిట్లు వాటంతటవే వచ్చేవి. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో దొరికేవన్నీ పనితీరులో దగ్గరదగ్గరగానే ఉంటాయి.

నేను తయారైంది ఐరన్‌మ్యాన్‌లో సగం దూరానికి. ఐరన్‌మ్యాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఆగకుండా వరసగా చేసే పొడుగాటి ట్రయాథ్లాన్ పోటీ. సగం అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపి 113 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. మైళ్ళలో 70.3 కనక ఆ అంకెతోనే పిలుస్తారు. మన దేశంలో ఈ పోటీ 2019లో గోవాలో మొదలైంది. పూర్తి దూరం దీనికి రెట్టింపు: 3.8, 180, 42.2. కౌంటర్ పక్కన కూర్చుని బంగారం రుణాల కాగితాలు చూసేవాడికి సగమే చాలా ఎక్కువ. ఏ దూరమైనా సగానికి దగ్గరగా సమయం సైకిల్ మీదే గడుస్తుంది. కాబట్టి సాధనలోనూ గంటలు తినేసేది సైకిలే. ఉద్యోగంతో తగువు పెట్టుకునేదీ అదే.

మా ఇంట్లోవాళ్ళకి ట్రయాథ్లాన్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు దొరికిన ఆధారం సిడ్నీ. ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, అక్కడే. ఆ ఏడు మా జిల్లాకి ఎలాగూ గుర్తే. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి బరువులెత్తి కంచు పతకం తెచ్చింది అక్కణ్ణుంచే కదా. "అయితే ఆవిడలాగ ఏదో ఒకటి ఎత్తొచ్చు కదా, మూడూ ఎందుకు?" అని మా అత్తగారు. దానికీ జవాబు లేదు.

ఇక అసలు చిక్కు బ్యాంకు క్యాలెండరు. ఇంటర్నెట్‌లో దొరికే శిక్షణ ప్రణాళికలన్నీ ఒకే మూసలో ఉంటాయి: శనివారం పొడుగాటి సైకిల్, ఆదివారం పొడుగాటి పరుగు. అవి రాసినవాళ్ళకి శనివారం సెలవు. మాకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు మాత్రమే సెలవు. మిగతా శనివారాలు సాయంత్రం దాకా బ్రాంచిలోనే. అంటే ప్రణాళిక వారానికొకలా మారుతుంది. పైగా గోవా పోటీ అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది, దానికి ముందు గట్టిగా కష్టపడాల్సిన వారాలు సరిగ్గా సెప్టెంబరు 30 అర్ధ సంవత్సరపు ముగింపు మీద పడతాయి. ఆ రోజుల్లో ఇంటికి ఎన్నింటికి వస్తానో నాకే తెలీదు. ఆ వెంటనే దసరా, తుపాన్లు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు చేసిన విధ్వంసం చూసినవాళ్ళెవరూ ఆ నెలలో వాతావరణ హెచ్చరికని తేలిగ్గా తీసుకోరు.

రోడ్డు సంగతి. జాతీయ రహదారి 16 మీద నున్నటి తారు ఉంది, పక్కనుంచి దూసుకెళ్ళే లారీలు కూడా ఉన్నాయి. చీకట్లో ఎదురుగా రాంగ్ రూటులో వచ్చే మోటార్ సైకిళ్ళ గురించి చెప్పక్కర్లేదు. పల్లె రోడ్లు ప్రశాంతంగా ఉంటాయి గానీ కోతల కాలంలో సగం రోడ్డు కళ్ళమైపోతుంది. ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు, ఇంకో పక్క వచ్చే పోయే బళ్ళు తొక్కి గింజలు రాలుస్తాయని ఉలవ కట్టె పరుస్తారు. రైతుని అనలేం, ఆయనకీ కళ్ళం లేదు. కానీ ఆ కట్టె ఛెయిన్‌లో చుట్టుకుంటే దిగి, గిల్లి, తీసి మళ్ళీ బయల్దేరేసరికి బ్రాంచికి బస్సు టైమైపోతుంది.

ట్రైనర్ తీర్చింది ఈ చిక్కునే. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తే పావుగంటలో తొక్కడం మొదలవుతుంది. టైరులో గాలి చూడక్కర్లేదు, లైటు పెట్టుకోనక్కర్లేదు, కుక్కల గొడవ లేదు. గంటసేపు పల్లం రాదు, కూడలి రాదు, కాలు ఆగదు. వారం మధ్యలో నా లెక్కలో ఆ గంట రోడ్డు మీద గంటన్నరకి సమానం. ఆరుకల్లా స్నానం అయిపోతుంది.

అయితే మా ఆవిడ కొనే ముందే షరతు పెట్టింది: "కొనుక్కోండి. కానీ అది మిగిల్చిన అరగంట నిద్రకి పోవాలి, లేదా పాపకి పోవాలి. ఇంకో పరుగుకి మాత్రం కాదు." ఈ మొత్తం సమీక్షలో విలువైన మాట ఇదేనేమో. ఉద్యోగులకి తక్కువయ్యేది సాధన కాదు, నిద్ర. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోకపోతే నాలుగున్నరకి లేచి చేసే ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కే సాధన) వల్ల శరీరానికి దక్కేది అలసటే. బలం పుంజుకునేది తొక్కేటప్పుడు కాదు, తర్వాత పడుకున్నప్పుడు. వారానికి పది గంటల లోపు సాధనతోనే నెట్టుకొచ్చాను. పోటీకి ముందు రెండు నెలలు మాత్రం సెలవు శనివారాల్లో కాస్త పెరిగింది. పది గంటలు చాలవని ఎవరైనా అంటే, ఆయన ఏ శనివారాలు పనిచేస్తాడో ముందు కనుక్కోండి.

ఇప్పుడు లోపాలు. మొదటిది చెమట. సముద్రం దగ్గరున్న ఊరు కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. రోడ్డు మీద కదిలే గాలి చెమటని ఆరబెట్టేస్తుంది, గదిలో ఆ గాలి ఉండదు. సీలింగ్ ఫ్యాన్ ఎందుకూ చాలదు. పెద్ద స్టాండ్ ఫ్యాన్ ఎదురుగా ఛాతీకి తగిలేలా పెట్టుకోవాలి, దాన్ని కూడా ట్రైనర్ ఖర్చులోనే రాసుకోండి. ఉప్పు చెమట హ్యాండిల్ కింద బోల్టుల్లోకి, హ్యాండిల్ తిరిగే చోటుండే హెడ్‌సెట్ బేరింగుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది. హ్యాండిల్ మీదుగా పాత పంచె పరిచి తొక్కుతాను. దిగాక తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తాను. అయినా ఒక బోల్టు మార్చాల్సి వచ్చింది.

రెండోది చప్పుడు. ట్రైనర్ శబ్దం నిజానికి తక్కువే, అమ్మేవాళ్ళు అబద్ధం చెప్పలేదు. కానీ అదురు నేలలోంచి కిందికి దిగుతుంది. మేముండేది మేడ మీద. కింద ఇంటావిడ మూడో రోజే మెట్ల దగ్గర పట్టుకుని, "ఏటి బాబూ, తెల్లారగట్ల మా నెత్తి మీద పిండిమర ఆడిస్తన్నావేటి?" అంది. మందపాటి రబ్బరు చాపలు రెండు వేసి, ట్రైనర్‌ని గది మధ్యలోంచి గోడ వారకి, కింద దూలం వచ్చే చోటికి జరిపాక ఆ ఫిర్యాదు తగ్గింది. పూర్తిగా పోలేదు. సంక్రాంతికి అరిసెలు పంపుతున్నాం.

మూడోది కరెంటు. పోయిందంటే నా యంత్రం ఉన్నట్టుండి తేలికైపోతుంది, కాళ్ళు గాలిలో తిరుగుతాయి. ఇన్వర్టర్‌కి కలిపాక ఆ బాధ లేదు. వేసవిలో మాత్రం ఇన్వర్టర్ మీద ట్రైనరా, పాప గదిలో ఫ్యానా అనే ప్రశ్న వస్తే ట్రైనర్ ఓడిపోతుంది, అలా ఓడిపోవడమే సబబు.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. సైకిల్ని అదుపులో పెట్టడం నేర్పదు. మలుపు, ఎదురుగాలి, ఒంటిచేత్తో నీళ్ళ సీసా అందుకోవడం, పక్కవాడిని దాటడం, ఇవేవీ గదిలో లేవు. అందుకని నాలుగో శనివారం కళింగపట్నం దాకా వెళ్తాను, రానూపోనూ 60 కిలోమీటర్ల దాకా అవుతుంది, దూరం పెంచాలంటే ఇంకో చుట్టు. తిరుగుదారి ఎక్కేసరికి సముద్రపు గాలి ఒక్కోరోజు పక్కనుంచి తోస్తుంది. 150 వాట్లు గదిలో ఒక అంకె, అక్కడ నడుం వంచి కష్టపడి తొక్కాల్సిన సంగతి.

ఇంకోటి, దీన్ని ఎక్కడా చదవలేదు, లెక్క వేస్తే తట్టింది. మనది తూర్పు తీరం. గోవా మనకన్నా సుమారు పది రేఖాంశాలు పడమరన ఉంది, అంటే అక్కడ పొద్దు మనకన్నా ఇంచుమించు 40 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తుంది. పోటీ ఏడు దాటాక మొదలవుతుంది. నాలాంటి నిదానస్తులు ఈత, సైకిల్ ముగించి పరుగుకి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నాలుగున్నర చల్లదనంలో చేసిన సాధన ఆ ఎండకి సరిపోదు. ఒంటికి వేడి అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ట్రైనర్ అనుకోకుండా ఉపయోగపడింది ఇక్కడే. చివరి రెండు వారాలు, తేలికపాటి రోజుల్లో మాత్రం, ఆఖరి అరగంట ఫ్యాన్ కట్టేసి తొక్కాను. తల తిరిగినట్టుంటే వెంటనే దిగిపోవాలి, ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. పరుగు కోసం రెండో శనివారం పదకొండు గంటలకి కోడి రామమూర్తి స్టేడియానికి వెళ్ళేవాణ్ణి. ఆ టైములో అక్కడ ఇంకెవరూ ఉండరు, ఉండకూడదు కూడా.

తిండి విషయంలో పెద్ద రహస్యాలేం లేవు. గంట దాటిన ఏ సెషన్‌కైనా ముందు చోడి (రాగి) అంబలి, కొంచెం బెల్లంతో. తొక్కుతూ ఓఆర్‌ఎస్. ఒక లీటరు పొట్లంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఉప్పుకి బాగానే సరిపోతుంది. కానీ పొడుగాటి పోటీలో గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం కావాలి, పొట్లం ఇచ్చేది దానిలో నాలుగో వంతు కూడా కాదు. మిగతాది అరటిపండు, బెల్లం ముక్కలు, ఖరీదైన జెల్లులు (చిన్న పొట్లాల్లో వచ్చే చిక్కటి తీపి పాకం). జెల్లులు పోటీ రోజుకే దాచుకున్నాను, ఆ రుచి పొట్టకి అలవాటవడానికి ముందు రెండుమూడు సార్లు తప్ప.

ఈతకి ట్రైనర్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. వేసవిలో నాగావళిలో మోకాలి లోతు నీళ్ళుండవు, వానాకాలంలో దిగే ధైర్యం ఉండకూడదు. మా తీరంలో అలలు ఒడ్డునే విరుగుతాయి, లోపలికి లాగే పాయలుంటాయి. వేటకెళ్ళేవాళ్ళే ఆ నీళ్ళని చూసి దిగాలా వద్దా అని ఆలోచిస్తారు, నేనెంత. సెలవు శనివారాల్లో విశాఖ వెళ్ళి కొలనులో ఈదడం, మిగతా రోజుల్లో కిటికీ ఊచకి రబ్బరు బ్యాండు కట్టి చేతులు లాగడం, అంతే. నా ఈత ఇప్పటికీ అధ్వాన్నమే. గడువు లోపల ఒడ్డుకి చేరాను, అంతకన్నా గొప్పగా చెప్పుకోవడానికేం లేదు.

గోవాలో సైకిల్ భాగం మాత్రం గదిలో అలవాటైన అంకె దగ్గరే నడిచింది. పక్కనుంచి దూసుకుపోయినవాళ్ళలో కొందరు పరుగులో నడుస్తూ కనిపించారు. అది ట్రైనర్ చలవే, ఎందుకంటే నా కాళ్ళు ఎంత వరకు మోస్తాయో ఏడాది పొడవునా ఒకే అంకెతో చెప్పింది. ఎండలో ఆఖరి ఏడెనిమిది కిలోమీటర్లు నేనూ నడకా పరుగూ కలిపే లాగించాను. గడువు కన్నా బాగా ముందే ముగించాను.

కొనాలా వద్దా అనుకునేవాళ్ళకి. ఒలింపిక్ దూరం, అంటే 1.5, 40, 10 మాత్రమే చేసేవాళ్ళకి ఇది అక్కర్లేదు. వెనక టైరు మీద రోలర్ ఆనించే చవక రకం చాలు. కాకపోతే అది టైరుని తినేస్తుంది, పాత టైరు ఒకటి దానికే ఉంచుకోండి. మెట్ట ప్రాంతంలో మంచి రోడ్డు గుమ్మం ముందే ఉన్నవాళ్ళు, లేదా తొమ్మిది దాటాక డ్యూటీకి వెళ్ళేవాళ్ళు కూడా ఆ డబ్బుతో మంచి బూట్లు, రెండు విశాఖ ప్రయాణాలు చూసుకోవచ్చు. షిఫ్టు డ్యూటీల వాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు, నాలాగ శనివారాలు పనిచేసేవాళ్ళు కొనుక్కుంటే పశ్చాత్తాపపడరు. పాతది దొరికితే ఇంకా మంచిది. తొక్కి చూసేటప్పుడు ఫ్లైవీల్ దగ్గర టకటక చప్పుడొస్తే బేరం ఆపేయండి. కొత్తదైతే అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకండి. మనూళ్ళో దీన్ని బాగుచేసేవాళ్ళు లేరు. వారంటీ ఉన్నా దాన్ని తిరిగి పంపాల్సింది అదే పెట్టెలో, బరువు చూసి కొరియర్ కుర్రాడు మేడ మెట్ల దగ్గరే ఆగిపోతాడు, కిందికి దింపేది మీరే.