మొదటి షార్ట్ ఫిల్మ్ ముందు ఎక్కడికి పంపాలి: పెద్ద ఫెస్టివల్‌కా, శివారు ఊరి ఫెస్టివల్‌కా?

ఎడిటింగ్ పూర్తయిన రాత్రే ఈ టెన్షన్ మొదలవుతుంది. పేరు చెప్పగానే అందరూ గుర్తుపట్టే పెద్ద ఫెస్టివల్‌కి పంపాలా, నగర శివారులోని ఊళ్లో ఏటా రెండు మూడు రోజులు జరిగే ఇండిపెండెంట్ ఫెస్టివల్‌కి పంపాలా? మొదటి షార్ట్ ఫిల్మ్ అయితే నేను శివారు ఊరికే పంపమంటాను. ఒక్క షరతు ఉంది, అది చివర్లో చెప్తాను.

ముందు పెద్దవాటి సంగతి. అమెరికాలో జరిగే పెద్ద ఫెస్టివల్ సన్‌డాన్స్‌కి 2025లో 11 వేలకు పైగా షార్ట్ ఫిల్ములు వచ్చాయి. తీసుకున్నవి 57. అంటే దాదాపు రెండు వందలకు ఒకటి. బాగా తీసిన సినిమాలు కూడా వందల్లో మిగిలిపోతాయి. అలాగని ఆశ వదులుకోమని కాదు. ఆస్కార్ ఇచ్చే అకాడమీ గుర్తించిన ఫెస్టివల్‌లో నిర్ణీత అవార్డు గెలిస్తే, 40 నిమిషాలు మించని షార్ట్ ఫిల్ముకి ఆస్కార్ పోటీలో నిలబడే అర్హత వస్తుంది. శివారు ఊరి ఫెస్టివల్ మామూలుగా ఆ జాబితాలో ఉండదు. ఆ తేడా చిన్నది కాదు, ఒప్పుకుంటాను.

కానీ మొదటి సినిమాకి అవార్డు కన్నా ముందు కావాల్సింది ప్రేక్షకులు. మన బృందంలో వాళ్లు కాదు, చుట్టాలు కాదు, మనమెవరో తెలియనివాళ్లు.

నా మొదటి షార్ట్ ఫిల్మ్ అలాంటి ఊళ్లోనే వేశారు. ఆరు సినిమాల వరసలో నాది రెండోది. అందులో కూతురు ఫోన్లో తండ్రికి ఒక అబద్ధం చెప్తుంది. ఆ తర్వాత ఎనిమిది సెకన్లు మాటల్లేవు, గోడ గడియారం చప్పుడు మాత్రమే. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గుండె పట్టేసినట్టుండేది. హాల్లో ఏసీ హోరులో ఆ చప్పుడు వినపడనే లేదు. నాలుగో సెకనుకే కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరసలో ఒక పిల్లాడు "అయిపోయిందా?" అని అడిగాడు. ఇంటికెళ్లి ఆ మౌనాన్ని ఐదు సెకన్లకు తగ్గించాను, గడియారం చప్పుడు పెంచాను. ఎడిటింగ్ టేబుల్ దగ్గర నెలరోజులు కూర్చున్నా నాకు దొరకని తప్పు అది.

స్క్రీనింగ్ అయ్యాక ఒక పెద్దాయన ఆగి, "ఆ పిల్ల అబద్ధం చెప్తోందని తండ్రికి తెలుసు కదమ్మా?" అన్నారు. ఆ విషయం స్క్రిప్టులో ఎక్కడా రాయలేదు, తండ్రి పాత్ర వేసినాయనకు మాత్రం చెవిలో చెప్పాను. అది తెర దాటి ఆయనకు చేరింది. ఆ మాట నాకు ఇప్పటికీ బలం. పెద్ద ఫెస్టివల్ నుంచి ‘ఎంపిక కాలేదు’ అని వచ్చే ఈమెయిల్‌లో ఇలాంటిది ఒక్క వాక్యం కూడా ఉండదు.

ప్రీమియర్, అంటే సినిమా మొదటి ప్రదర్శన, దాంతో ఒక చిక్కుంది. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫెస్టివల్ షార్ట్ ఫిల్ముల పోటీకి నిడివి టైటిల్స్‌తో కలిపి 15 నిమిషాలు దాటకూడదు, అంతకుముందు వేరే అంతర్జాతీయ ఫెస్టివల్‌లో వేసి ఉండకూడదు. అక్కడికే పంపాలని గట్టిగా అనుకుంటే శివారు ఊరిని ఆపడమే మేలు. సన్‌డాన్స్ మాత్రం షార్ట్ ఫిల్ములకు ఆ నియమం పెట్టలేదు. పూర్తి నిడివి సినిమా అయితే నా సలహా తిరగబడుతుంది: పెద్ద ఫెస్టివళ్లు చాలావరకు మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలంటాయి కాబట్టి ముందు వాటికే పంపండి.

నేరుగా ఆన్‌లైన్‌లో పెట్టేస్తే? అందరికీ కనిపించేలా పెట్టిన సినిమాని తీసుకోని ఫెస్టివళ్లు ఉన్నాయి. అది ఆఖరున చేయాల్సిన పని.

ఇక ఆ షరతు. సినిమాని నిజంగా హాల్లో వేయాలి. ఫీజు తీసుకుని, ఎక్కడా తెర కట్టకుండా, అవార్డు బొమ్మ ఒకటి ఈమెయిల్లో పంపేవాళ్లు ఉన్నారు. ఒకసారి నేనూ అలా డబ్బు పోగొట్టుకున్నాను. పంపేముందు నిర్వాహకులకు ఉత్తరం రాయండి: "పోయినేడాది షార్ట్ ఫిల్ములు ఎన్ని సీట్ల హాల్లో, ఏ టైంకి వేశారు? ముందురోజు సౌండ్ చూసుకోనిస్తారా?" సూటిగా జవాబొస్తే ఫీజు కట్టండి. రాకపోతే ఆ డబ్బు సౌండ్ మిక్సింగ్‌కి పెట్టుకోండి.